కణుపు మీద గుప్పెడు మన్ను

పాపమ్మ అబద్ధం చెబుతోందని సాలమన్‌కి మూడో నిమిషంలోనే తెలిసిపోయింది. అది ఏ అబద్ధమో తెలుసుకోవడానికి మాత్రం దాదాపు రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలే కొంప ముంచాయి.

గురువారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. మధ్యాహ్నం రెండింటికి ఇన్‌స్పెక్టర్ తిబన్, రాజన్ అనే కుర్రాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, మామగారిని చంపాడని చెప్పి, వారం రోజుల కస్టడీ అడగబోతున్నాడు. సాలమన్ చేతిలో ఉన్నది మూడు గంటల ఇరవై నిమిషాలు.

కేసు చూడ్డానికి అరచేతిలో ఉసిరికాయలా ఉంది. సుంగై సుమున్‌లో ఎనిమిదెకరాల రైతు గోవిందన్. సోమవారం సాయంత్రం అయిదుకీ ఏడుకీ మధ్య తన పొలంలోనే తన చంకోల్‌తోనే ఎవరో అతని తల పగలగొట్టారు. చంకోల్ అంటే ఇక్కడి పెద్ద పార. దాని కర్ర మీద అల్లుడు రాజన్ వేలిముద్రలు దొరికాయి. ఆ రోజు నాలుగింటికి మామా అల్లుళ్లు అరుగు మీద కేకలేసుకున్నారని వీధంతా సాక్ష్యం చెప్పింది. రాజన్ పోర్ట్ క్లాంగ్‌లో ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. నాలుగూ నలభైకి ఇక్కడ కారెక్కి ఎనిమిదింటికి డ్యూటీ హాజరు మెషీన్ మీద వేలు పెట్టాడు. దారి చూస్తే రెండు గంటలు. మిగిలిన గంటా ఇరవై నిమిషాలూ అతని మెడకి ఉరితాడయ్యాయి.

గోవిందన్ కూతురు, రాజన్ భార్య పునిత నిన్న సాయంత్రం క్లాంగ్‌లోని సాలమన్ డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చి ఏడవకుండా కూర్చుంది. తండ్రి శవాన్ని మంగళవారం పొద్దున చూసింది తనే. "అంకుల్, నాన్న పోయారు. ఇక నాకు మిగిలింది ఆయనొక్కడే" అంది. సాలమన్ ఇరవై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసినవాడు. కన్నీళ్లకి తొణకడు. ఆ పొడికళ్లకి తొణికాడు.

పైగా ఇది అతను పుట్టిన ఊరు. ఎదురుగా గుమ్మంలో కూర్చుని కూరాకు ఏరుతున్న పాపమ్మ, ఒకప్పుడు ఎస్టేటు కలుపు గుంపులో అతని తల్లితో కలిసి పనిచేసిన మనిషి. గోవిందన్ పొలానికి ఆనుకుని ఉన్న ఇల్లు ఆమెదొక్కటే.

"సోమారం సాయంత్రం ఏటి సేస్తన్నావత్తా?" ఆమె యాసలోనే అడిగాడు.

"నానేటి సేస్తానయ్యా, డెబ్బయి నాలుగేళ్ల ముసిల్దాన్ని. టీవీ సూసినాను, తొంగున్నాను."

"గోవిందన్ పొలం కేసి యెల్లినావా?"

"నేదు లా." ఈ నేల ఊతపదం 'లా' ఆమె తెలుగులోనూ కలిసిపోయింది. "కాలు నొప్పి. ఆనలు పడినకాడ్నించి ఆ గట్టు దిగనేదు."

సోమవారం గురించి ఎన్ని అడిగినా ఆమె చేతులు ఆకు ఏరుతూనే ఉన్నాయి. శనివారం గురించి అడిగాడు, అప్పుడూ ఆగలేదు.

"మరి ఆదివారం?"

చేతులు ఆగాయి. "ఆదివారం కూడా యెల్లనేదు" అంది, ఆకు వంక చూస్తూ. చచ్చింది సోమవారమైతే ఈవిడ ఆదివారానికి భయపడుతుందేమిటి? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. సాలమన్ రెట్టించలేదు, నోట్‌బుక్ మూశాడు. ముసలివాళ్లని అడిగితే మూసుకుంటారు, వదిలేస్తే విప్పుతారు.

అదే జరిగింది. అతను చెప్పులు తొడుక్కుంటుంటే వెనక నుంచి నెమ్మదిగా అడిగింది.

"సాలమనూ, పొలంలోకి యెల్తన్నావా?"

"యెల్తన్నాను."

"ఆ తీగ ఏరు పట్టిందా?"

అతను వెనక్కి తిరిగేసరికి పాపమ్మ నాలిక కరుచుకుంది.

"ఏ తీగత్తా?"

"ఏదో, కాచాంగ్ తీగ లా. గోవిందన్ పేణం అదే గదా, అందుకడిగినాను." ఆకు చేట పట్టుకుని లేచింది. "నాను తయారవ్వాల. లచ్చివారం నా క్లినిక్కు. పన్నెండింటికి రవిచంద్రన్ వేనొస్తాది. పాపం, వారంవారం ఆడే తీసుకెల్తాడు."

గోవిందన్‌కి ఎనిమిదెకరాలున్నా అతని ప్రాణం మూడెకరాల మీదే ఉండేది. మొక్కజొన్న, తర్వాత కర్రపెండలం, ఆ తర్వాత ఆ నేలకి సెలవు. ఒట్టి బీడు కాదు. కాచాంగ్ తీగ అని ఇక్కడివాళ్లు పిలిచే చిక్కుడుజాతి తీగనీ, గినీ గడ్డినీ కలిపి పెంచేవాడు. తీగ నేలకి సత్తువ ఇస్తుంది, గడ్డి వేళ్లు నేలని గుల్ల చేస్తాయి. మూడు పంటకాలాలు అలా ఉంచిన రైతుకి ఒక పథకం కింద ఎకరానికింతని సాయం వస్తుంది. షరతు ఒక్కటే. గడువు తీరేదాకా ఆ నేలలో పార పెట్టకూడదు, నాగలి పెట్టకూడదు. ప్రతినెలా ఒకటో తారీఖున నాలుగు మూలల నుంచీ ఫొటోలు పంపాలి. ఊళ్లో పదకొండు మంది రైతుల ఫొటోలూ గుంపు నాయకుడి ద్వారా వెళతాయి. ఆ నాయకుడు రవిచంద్రన్. ట్రాక్టరూ అతనిదే, విత్తనాలూ అతనివే. ఊళ్లో ఎవరికి కాలు నొప్పొచ్చినా వేనూ అతనిదే.

"మా ఫొటోలు నేనే తీసి రవి మామకి పంపేదాన్ని" అంది పునిత, గట్టు మీద నడుస్తూ. ఆమె తెలుగు క్లాంగ్ తెలుగు, సగం మాటలు వెతుక్కుంటుంది. "నాన్నకి ఫోన్ కెమెరా రాదు అంకుల్. దక్షిణం మూలలో కొబ్బరి మొద్దు ఉంది కదా, దాని మీదికెక్కి తీస్తే మొత్తం పడుతుంది."

"సోమవారం గొడవ దేని గురించమ్మా?"

ఆమె తల దించుకుంది. "ఆయన ఈ మూడెకరాలూ దున్నేద్దామన్నారు, మొక్కజొన్న వేద్దామన్నారు. నాన్న ఒప్పుకోలేదు. గడువింకా అయిదు నెలలుంది, నేలని మధ్యలో లేపడం పాపం అన్నారు."

"ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడికి మొక్కజొన్న మీదికి మనసెందుకు పోయింది?"

"ఆదివారం రాత్రి రవి మామ ఫోన్ చేశారట. ఆఫీసులో మాట్లాడతాను, పర్మిషన్ వస్తుంది, శుక్రవారం వచ్చి దున్నిపెడతాను అన్నారట." ఆమె తన ఫోన్ చూపించింది. "ఇవాళ పర్మిషన్ వచ్చింది కూడా."

పథకం తరఫున పొలాలు తనిఖీ చేసే కుర్రాడు జోషువా పంపిన మెసేజ్ అది. తొమ్మిదీ పదికి వచ్చింది. 'నేను సెలవులో ఉన్నాను. మీ బ్లాకు రేపు దున్నుకోవచ్చు.' శనివారం మూడింటికి పొలం చూడటానికి వచ్చి వెళ్లాడని, ఆ తర్వాత సెలవు పెట్టాడని పునిత చెప్పింది. ఇంట్లో పీనుగ లేచి మూడు రోజులు కాలేదు. ఓదార్పు మాట ఒక్కటి లేకుండా దున్నుకోమంటున్నాడు. ఈ కాలం పిల్లల మర్యాదే ఇంతేమో అని సాలమన్ ముందు విసుక్కున్నాడు. తర్వాత ఆ మెసేజ్‌ని రెండోసారి చదివాడు.

శవం పడి ఉన్న చోటు పడమటి కాలవ గట్టు పక్కన. పోలీసులు ఇరవై అడుగుల మేర పసుపు టేపు కట్టి, ఆ ఇరవై అడుగుల్నీ జల్లెడ పట్టి వెళ్లిపోయారు. సాలమన్ అక్కడ రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. అతన్ని తొలుస్తున్నది ఒకే ప్రశ్న. పార పెట్టకూడని పొలంలోకి గోవిందన్ చంకోల్ పట్టుకుని ఎందుకొచ్చాడు?

శవం తల తూర్పుకి ఉంది. తూర్పుకే నడిచాడు. మోకాలు దాటిన తీగ కాళ్లకి చుట్టుకుంటోంది. నలభై అడుగులు వెళ్లాక ఆగి వంగాడు.

మంచమంత మేర తీగ పచ్చగానే ఉంది గానీ మధ్యలో ఉన్న గినీ గడ్డి దుబ్బులన్నీ ఎండిపోయాయి. ఒకదాన్ని పట్టుకుని లాగితే చేతికొచ్చేసింది, వేరు తెగి ఉంది. తీగని పక్కకి తప్పించాడు. మూరమూరకీ కణుపు మీద గుప్పెడు మన్ను అద్ది ఉంది. ఒక్కో గుప్పెడు మీదా నాలుగు వేళ్ల అచ్చు.

సాలమన్ ఈ పనిని గుర్తుపట్టాడు. అతని తల్లి చేసిన పని ఇదే. ఎస్టేటులో చెట్టు మొదట్లో మందు వేయాలంటే కలుపు గుంపు ఆడవాళ్లు తీగని కొయ్యరు. చాపలా చుట్టి పక్కకి దొర్లించి, పనయ్యాక మళ్లీ పరిచి, కణుపు కణుపుకీ గుప్పెడు మన్ను అద్దుతారు. మూడో రోజుకి మొటిక, నాలుగో రోజుకి వేరు. అయిదో రోజున గుంపు మేస్త్రీ కంగాణి వచ్చి లాగి చూసేవాడు. వేరు పట్టకపోతే ఆ రోజు కూలి లేదు. అందుకే వాళ్లు చచ్చేదాకా ఒకరినొకరు అదే అడిగేవారు, వేరు పట్టిందా అని.

ఒక కణుపు ఎత్తి చూశాడు. వడ్లగింజంత తెల్లటి వేరు. నాలుగో రోజు.

"పోదుం అణ్ణే, పోదుం!" వెనక నుంచి తమిళంలో కేక వినిపించింది, ఇక చాలన్నట్టు. ఇన్‌స్పెక్టర్ తిబన్ ఇద్దరు కానిస్టేబుళ్లతో గట్టు దిగుతున్నాడు. టైము పదకొండూ ముప్ఫై అయిదు. "నా కేసు స్థలంలో నీకేటి పని?"

తిబన్ ఒకప్పుడు సాలమన్ కిందే పనిచేశాడు. పదేళ్ల క్రితం క్లాంగ్‌లో ఇద్దరూ కలిసి ఒక డ్రైవర్ని లోపలేశారు. అసలు దొంగ దొరికేసరికి ఆ డ్రైవర్ లాకప్‌లోనే ఉరేసుకున్నాడు. సాలమన్ ఉద్యోగం వదిలేశాడు. తిబన్ వదల్లేదు, ప్రమోషన్ తీసుకున్నాడు. అప్పటి నుంచీ ఒకరి మొహం ఒకరికి పుండు మీద కారం.

"నీ టేపు అవతలే ఉన్నాను తిబన్. ఒక్క మాట చెప్పు. చావకముందు గోవిందన్ ఎవరికి ఫోన్ చేసినాడు?"

"రవిచంద్రన్‌కి. అయిదూ పన్నెండుకి, రెండు నిమిషాలు. ట్రాక్టర్ ఎప్పుడొస్తాదని అడిగినాడంట."

"దున్నడానికి ఒప్పుకోనని నాలుగింటికి అల్లుడి మీద అరిచినోడు అయిదింటికి ట్రాక్టర్ కోసం అడుగుతాడా?"

తిబన్ దవడ బిగిసింది. "కోపం తగ్గి ఉంటాది. అణ్ణే, నాకు వేలిముద్రలున్నాయి, టైముంది, గొడవుంది. నీకేటుంది? ఈ గడ్డి ఉందా?"

"వేలిముద్రలా? సోమవారం మధ్యాహ్నం ఆ కుర్రాడు అదే చంకోల్‌తో ఇంటి కాలవ బాగుచేసినాడు, వీధంతా చూసింది. నీకు కావలసిందే చూసినావు. పదేళ్ల కిందటా ఇంతే."

కానిస్టేబుళ్లు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. తిబన్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఆ మాట ఇంకోసారి అంటే నిన్నూ లోపలేస్తాను."

"వెయ్యి. ముందు ఇది చూడు." సాలమన్ ఒక మట్టి గుప్పెడు తీసి అతని అరచేతిలో పెట్టాడు. "ఏ రంగు?"

"బూడిద రంగు."

"నీ బూటు కింద?"

తిబన్ కిందికి చూశాడు. నేల గోధుమరంగులో ఉంది.

"ఈ ఊళ్లో బూడిద రంగు బంకమన్ను రెండడుగులు తవ్వితే గానీ రాదు. అది పైకెలా వచ్చింది? గడ్డి వేళ్లు తెగినాయి, తీగ మాత్రం చుట్టి మళ్లీ పరిచినారు. వేరు వయసు నాలుగు రోజులు. అంటే ఆదివారం. శనివారం పొద్దున ఎనిమిది నుంచి ఆదివారం రాత్రి ఎనిమిది దాకా రాజన్ వరస డ్యూటీల్లో ఉన్నాడు. గేటు రికార్డు నా దగ్గరుంది. పైగా ఆడికి తీగ చుట్టడం వచ్చునా? కత్తితో నరికి పారేస్తాడు. సోమవారం గోవిందన్ ఇది చూసినాడు. ఎవడో తన నేల తవ్వినాడని అర్థమై ఫోన్ చేసినాడు, చంకోల్ తెచ్చుకున్నాడు. ఆ చంకోల్‌తోనే పోయినాడు."

తిబన్ మొండివాడే గానీ వెర్రివాడు కాదు. బెల్టు సర్దుకున్నాడు. "తవ్వండ్రా" అన్నాడు.

పదకొండూ యాభైకి మొదలుపెట్టారు. మన్ను మెత్తగా, ఈమధ్యే కదిపినట్టు లేచి వస్తోంది. అడుగున్నర దిగాక వాసన వచ్చింది. ఒక కానిస్టేబుల్ పార వదిలేసి కాలవ దగ్గరికి పరుగెత్తి వాంతి చేసుకున్నాడు. తిబన్ చొక్కా చేతులు మడిచి, తనే పార అందుకున్నాడు.

పన్నెండూ పద్దెనిమిదికి నీలం హెల్మెట్ బయటపడింది. దాని మీద పథకం తాలూకు స్టిక్కరు. హెల్మెట్‌లో తల ఉంది.

పునిత గట్టు మీద నుంచి చూడనే చూసింది. "జోషువా" అంది. తర్వాత, అర్థం కాక, "పొద్దున్న నాకు మెసేజ్ పెట్టాడు కదా అంకుల్" అంది.

ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడు, ఛాతీకి అడ్డంగా సంచీ వేసుకుని, మోకాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. సాలమన్ గ్లవ్స్ వేసుకుని సంచీలోంచి ప్లాస్టిక్ ఫైలు తీశాడు. పదకొండు మంది రైతుల పేర్లు, పదకొండు పొలాల ఫొటోలు. మొదటి ఫొటోలో దక్షిణం మూల కొబ్బరి మొద్దు. రెండోదాంట్లోనూ అదే మొద్దు, ఇంకో వైపు నుంచి. మూడోదాంట్లోనూ అదే. ప్రతి మొద్దు చుట్టూ జోషువా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. పదకొండు ఎర్ర సున్నాలు. అడుగున గుంపు నాయకుడు రవిచంద్రన్ సంతకం.

"పొలం ఒక్కటే" అన్నాడు సాలమన్. "మిగిలిన పదీ కాగితాల మీదే ఉన్నాయి, వాటి సాయం డబ్బు రవిచంద్రన్ జేబులోకి పోతోంది. శనివారం ఈ కుర్రాడు అదే అడగడానికి వచ్చినాడు. రేపు ట్రాక్టర్ తిరిగితే గొయ్యి జాడ కూడా ఉండదు."

"నేను తీసిన ఫొటోలు" అంది పునిత. అప్పుడు ఏడ్చింది, మూడు రోజుల ఏడుపూ ఒక్కసారే. "నేనే తీశాను అంకుల్. నాన్నని నేనే..." సాలమన్ ఆమె భుజం పట్టుకున్నాడు.

తిబన్ గోతిలోంచి పైకొచ్చాడు. "రవిచంద్రన్ ట్రాక్టర్ మనిషి. ఈ తీగ పని ఆడికెలా వచ్చింది?"

"రాదు. వచ్చినోళ్ల చేత చేయించినాడు. ఇక్కడ ట్రాక్టర్ చక్రం దిగబడింది, గోవిందన్ చూస్తే తిడతాడు, కాస్త సర్దిపెట్టు అని ఉంటాడు." వేలి అచ్చుల వంక చూస్తూనే చెబుతున్నాడు సాలమన్. సన్నటి వేళ్లు, ఆడమనిషివి. "ఆ మనిషికి కింద ఏముందో తెలీదు. తను అద్దిన తీగ బతికిందో లేదో అని మాత్రం..."

మాట మధ్యలో ఆగిపోయింది. పన్నెండూ ఇరవై ఏడు. లచ్చివారం. క్లినిక్కు.

పాపమ్మ ఇంటి వైపు చూశాడు. తలుపుకి తాళం వేసి ఉంది.

"జోషువా నంబర్ కొట్టు" అన్నాడు తిబన్‌తో. "పొద్దున మెసేజ్ వచ్చిందంటే ఆ ఫోన్ రవిచంద్రన్ దగ్గరే ఆన్‌లో ఉంది. ఎక్కడుందో కనిపెట్టించు, తొందరగా!"

తిబన్ ఒక చేత్తో వైర్‌లెస్‌లో స్టేషన్‌ని పిలుస్తూ రెండో చేత్తో నంబర్ కొట్టి, స్పీకర్ పెట్టాడు. రింగ్ అయింది. నాలుగు, అయిదు, ఆరు. ఏడో రింగ్‌కి ఎవరో ఎత్తారు. వెనక లారీల రొద.

"ఎవలూ?" ఒక ముసలి గొంతు. "రవి డబ్బు కట్టడానికి దిగినాడు, పెట్రోలు కాడ. ఈ ఫోను డబ్బాలో మోగతానే ఉంటే తీసినాను. ఎవలు కావాల?"

సాలమన్ ఫోన్ లాక్కున్నాడు. "అత్తా, నాను సాలమన్ని. ఏ ఊరి పెట్రోలు బంకు? బండి దిగిపో. ఇప్పుడే దిగి జనంలోకి యెల్లిపో."

"సాలమనూ నువ్వా!" ఆమె గొంతులో సంబరం. "ఏ ఊరో తెల్దు బాబూ, క్లినిక్కు దారి కాదిది. ఏదో పనుందంట లా. అది సరే గానీ, పొలంలోకి యెల్లినావా? తీగ ఏరు పట్టిందా?"

"పట్టిందత్తా. దిగిపో, నీ కాళ్లు మొక్కుతాను, దిగిపో."

"పట్టిందా!" ఆమె నవ్వింది. "నా సేతి పని ఎప్పుడూ తప్పు పోనేదు. ఉండుండు, రవి వచ్చేసినాడు. ఈ మంచి మాట ఆడికీ సెప్పు, ఫోనిస్తాను."

వేను తలుపు మూసుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.